కార్జం

ముసఫ్ఫా క్లినిక్‌ల
కడుపు మీద చల్లటి జెల్లు రాసి
తెర సూసుకుంట అడిగింది సిస్టరమ్మ:
"కొవ్వు పట్టింది. తాగుతవా?"
"సుక్క ముట్ట. పెప్సీ తాగుత" అంటి.
ఆమె నవ్వలె.

పదకొండేండ్ల సంది క్యాంపు మెస్సుల గంటె తిప్పుతున్న.
శుక్రారం మేక కార్జం కోస్తాంటె
చెయ్యికే ఎరుక:
మంచిది ముదురెర్రగ, కత్తికింద బిర్రుగ ఉంటది.
పాలిపోయి జిడ్డుగున్నది పక్కకు పెడ్త.
మరి నాది
ఏ పక్కకు పెట్టాలె?

ఎండల గొంతెండితె తియ్యటి డబ్బా,
నైటు డ్యూటీ దిగినంక ఖుబూస్ మీద ఖుబూస్,
గంజడుగు నూనె పారబొయ్యబుద్ధిగాక
అద్దుకొని అద్దుకొని...

ఇయ్యాల నూనె సగమే పోసిన.
లింబాద్రి గంటెతోని కలిపి
"ఏందిరా, ఎవలన్న సచ్చిండ్రా?" అన్నడు.
"ఇంక లేదే" అంటి,
మెంతికూర కడుక్కుంట.