నష్టానికి కారణం

తాకొద్దు. మొదటి పాఠం ఇదే.
వేలికొసన నూనె ఉంటుంది, ఊపిరిలో తేమ ఉంటుంది,
ఎన్ని వేల ఏళ్లదో తెలియని రంగుకి
ముద్దు కూడా దెబ్బే
అంది మ్మె మొహాపి,
చేతులు వెనక్కి కట్టుకుని నిలబడడం మాకు నేర్పుతూ.

రెండో పాఠం దారం.
ఒక కొస రాతి దగ్గర, ఒక కొస ఫ్లాష్ దీపానికి.
దీపం ఎటు తిరిగినా దూరం మారకూడదు.
మేకపిల్లని గుంజకి కట్టినట్టు
వెలుగుని కట్టేశాం.
కుడినుంచి ఒకటి, నెత్తిమీంచి ఒకటి,
ఇసుక రేణువుకి కూడా నీడ పడేంత ఏటవాలుగా ఒకటి,
మొత్తం నలభై ఎనిమిది మెరుపులు.
పక్కన నల్లటి నున్నటి గోళీలు రెండు,
ఏ మెరుపు ఎటునుంచి వచ్చిందో
ఒంటిమీద చుక్కపెట్టుకుని గుర్తుంచుకునేవి.

కెమెరా కదలకూడదు.
మలోటి కొండగాలికి ఆ మాట ఎవరు చెప్పాలి?
ట్రైపాడ్‌కి రాళ్లసంచి వేలాడదీసి
భుజాలమీది దుప్పటి రెండు చేతులా చాపి
తడికలా నిలబడ్డాను.
ఉన్ని గిడ్డంగిలో తూకాలు రాసుకునేదాన్ని,
మొదటివారం తీసినవన్నీ పాడుచేశాను.
రంగుల పట్టీ తలకిందులు,
బొమ్మమీద బొమ్మ కంటే పెద్ద నా నీడ.

మా అన్న సెచాబా టూరిస్టులకి ఈ గుహ చూపించేవాడు.
వెలిసిన బొమ్మ తేలాలని నీళ్లు చిలకరించేవాడు,
నీళ్లు అయిపోయిన రోజు కోకాకోలా.
నీళ్లు లేకుండా తడిపే విద్య ఇప్పుడు నాకొచ్చు.
ఎరుపుని ఇటు లాగి, పసుపుని అటు తోసి,
రాతిని ఊదారంగులో ముంచితే
ఖాళీ గోడలోంచి ఎలాండ్ లేచింది.
ముందు కొమ్ములు. తర్వాత, వెనక్కి తిరిగి చూస్తున్న మెడ.
తర్వాత నాలుగు కాళ్లు, గిట్టల చీలికతో సహా.
గీసినవాళ్లు బరోవాలు. వాళ్ల మాట మాట్లాడేవాళ్లు
ఈ లోయలో ఇప్పుడెవరూ లేరు.
గిట్ట చీలిక మాత్రం ఉంది.

కడుపు లేదు.
ఎంత లాగినా, ఏ రంగు తిప్పినా
మెడకీ తోకకీ మధ్య తెల్లటి రాయి.

అప్పుడు ఏటవాలు వెలుగు తెరిచాను.
గీతలు. పొట్టివి, దగ్గరదగ్గరగా,
కత్తిమొనతో గీకినవి,
అన్నీ ఒకే వైపుకి వాలినవి.
మ్మె మొహాపి కళ్లద్దాలు పైకి తోసుకుంది.
"ఎడమచేతివాటం మనిషి" అంది.

నేనేమీ అనలేదు.

మా న్ఖోనో, అంటే అమ్మమ్మ, ఎడమచేత్తోనే జొన్నలు చెరిగేది,
ఎడమచేత్తోనే తిట్టేది, వైద్యం చేసేది.
నడుముకి వేలాడే కొమ్ముడొప్పలో ఎర్రటి పొడి,
ఎక్కడిదని ఎవరైనా అడిగితే
కొండవైపు గడ్డం ఎత్తేది.
నాకు ఆరేళ్లప్పుడు, మంచు దారులు మూసేసిన నెలలో,
తొమ్మిది రోజుల జ్వరం.
పదో రోజు రాత్రి పుల్లటి గంజిలో కలిపి తాగించింది.
నాలుకకి ఇంకా గుర్తే,
తుప్పు పట్టిన గొళ్లెం నాకినట్టు.

తప్పు చేస్తే కడుపులో పెట్టుకోమంటారు.
ఎలాండ్ కడుపే నా కడుపులో ఉంది,
ఎవర్ని ఏమని వేడుకోను?

ఫారంలో గడి ఎదురుచూస్తోంది.
నష్టానికి కారణం: నీరు, పొగ, పశువులు, మనుషులు.
నాలుగోదానికి టిక్కు పెట్టాను.
కింద "వివరాలు" అన్నచోట, దుప్పటిలో చేతులు వెచ్చబెట్టుకుని,
ఒక్కో అక్షరం వెతుక్కుంటూ కొట్టాను:
కత్తి. ఎడమచేయి.
జ్వరం.
పిల్ల బతికింది.

మ్మె మొహాపి చదివింది, రెండుసార్లు.
ఒక అక్షరదోషం దిద్ది
సేవ్ నొక్కింది.