బొండం వద్దండి

చెరువు గట్టు మీద
సత్తిబాబు గారు బొండం చెక్కి అందిస్తే
వద్దండి అన్నాను.
"అల్లవరంలో పుట్టి బొండం వద్దన్న మగోణ్ణి
ఇదే చూడ్డం" అన్నారు.
ఆయన ఇంకా చూళ్ళేదు.

పదకొండో వారం.
పుదీనా వాసనేసే మాత్ర పొద్దునొకటి, రాత్రొకటి.
ఒంట్లో ఉప్పుని బయటికి తోలేసి
పొటాషియాన్ని పట్టి కూర్చుంటుందది.
కాకినాడ డాక్టరమ్మ చీటీ వెనక రాసిచ్చింది:
కొబ్బరినీళ్ళు, అరటిపళ్ళు తగ్గించాలి.
కోనసీమ మనిషికి ఆ రెండూ తీసేస్తే
ఇంకేం మిగులుద్దండీ అన్నాను.
నవ్వి, రక్తపరీక్షకి తేదీ వేసింది.

నా ఉద్యోగమూ పరీక్షలే.
ఊరూరి చెరువు నీళ్ళు సీసాల్లో పట్టుకొచ్చి
అమలాపురం ల్యాబులో లెక్క తీస్తాను.
ఉప్పు, క్షారం, అమ్మోనియా, పొటాషియం.
అది చాలకపోతే రొయ్య వంకర తిరిగిపోద్ది,
కండ తెల్లబడుద్ది.
ఎకరానికి ఇన్ని కేజీలు చల్లించండని రైతులకి రాస్తాను.
నా చీటీ మడిచి జేబులో పెట్టుకుంటాను.

జేబంటే గుర్తొచ్చింది.
మొదలైంది ఎడంపక్కే, జేబు కింద.
రేగ్గింజంత గట్టిగా ఏదో.
పెన్ను తగిలితే కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.
చెక్ ట్రే పైకి లాగుతుంటే తాడు రాసుకుని
గట్టు మీదే కూలబడ్డాను.
ఎండదెబ్బ అనుకుని ఎవరో గొడుగు పట్టారు.
నొప్పితో నవ్వొస్తుందని నాకెవరూ చెప్పలేదు.

మేత బస్తా భుజాన పడేసి
ఆ చివరి చెరువు దాకా ఒక్క ఊపులో మోసేవాణ్ణి.
మోసేదాన్ని.
ఇప్పుడు రెండుచోట్ల దించుతున్నాను.
మన తెలుగు మంచిదే,
వచ్చాను, తిన్నాను, పడుకున్నాను అన్నంతసేపూ
ఆడా మగా అని అడగదు.
పాత అలవాట్లు చెప్పుకోబోతేనే
పట్టుబడిపోతాం.

రాత్రి పదింటికి ఆవకాయ జాడీ మూత తీసి
అన్నం లేకుండా ఊట నాకుతుంటే
అమ్మ టీవీ మీంచి కళ్ళు తిప్పకుండా
"నీళ్ళోసుకున్నదాన్లాగా ఏంట్రా అది" అంది.
ఊరికే అంది.
ఆ మాట దిండు కింద పెట్టుకుని పడుకున్నాను.

దాహం, మళ్ళీ దాహం, మళ్ళీ బాత్రూము.
కాకినాడ నుంచొస్తూ యానాం దాటాక
బస్సు ఆపించాను. కండక్టరు గొణిగాడు.
అక్కడ రెండు తలుపులు, రెండు బొమ్మలు.
కొబ్బరితోటలోకి నడిచాను.

తెల్లారగట్ల ఒంట్లో ఉండే పాత హడావుడి
ఓ రోజు లేదు. మర్నాడూ లేదు.
ఏరేటర్లు ఆగిపోతే
కాపలా మనిషి ఉలిక్కిపడి లేస్తాడు.
నేను లేవలేదు.
అటు తిరిగి ఇంకాసేపు పడుకున్నాను.

గడ్డం మాత్రం దేనికీ లొంగలేదు.
గొంతూ అంతే, ఫోనెత్తితే అవతల సార్ అంటారు.
రాజోలు సుభాషిణికి చెప్పుకుని ఏడిస్తే
(ఏడుపు ఇప్పుడు అడక్కుండానే వస్తోంది)
"ఊడ్చిన చేను మూన తిరగొద్దంటే, ఆగు" అంది.
ఆమెకిది మూడో ఏడు.
ఆమె అరచేతులు చల్లగా ఉంటాయి.
నావీ చల్లబడుతున్నాయి.

భయం లేదని కాదు.
పిక్క వాచినా, నొప్పెట్టినా
ఆ పూటే రమ్మంది డాక్టరమ్మ.
సిగరెట్టు మానేశాను.
రోజూ పడుకునే ముందు టేపు చుట్టి
రెండు పిక్కలూ కొలుస్తాను.
నోటుబుక్కులో తేదీ, ఎడమ, కుడి.
చెరువుల లెక్కలున్న పుస్తకమే, వెనక పేజీలు.

సత్తిబాబు గారు ఇంకా
బొండం పట్టుకునే నిలబడ్డారు.
నా మొహంలోకి ఓసారి చూసి
ఏదో అడగబోయి, మానేసి
"పోనీ మజ్జిగ తాగుతావా, ఉప్పేసి?"
"ఉప్పేసి" అన్నాను.
"కొంచెం ఎక్కువేసి."