కాలి వాసన

ఇస్కపల్లి ఉప్పుకొటార్లలో
మూడో మడి గెనిమ మీద
తీతువు నాలుగు గుడ్లు పెట్టింది.
గూడంటే గూడేం కాదు,
పిడికెడు గులకరాళ్ళు, ఎండిన పీతడిప్ప,
నా చేతినుంచి ఎప్పుడో రాలిన గాజుముక్క.
వెతికితే కనపడవు,
చూపు తిప్పుకునే వేళకి కనపడతాయి.

అది రాత్రి కూస్తే చావు కబురంటారు ఊళ్ళో.
నాకు మాత్రం
నన్నే తిడుతున్నట్టుంటుంది:
ఏంది నీకిక్కడ, పో, పో.
తిట్టాల్సిందే.
చిన్నప్పుడు వాటి గుడ్లు ఏరి
సత్తుగిన్నెలో ఉడకేసుకున్న దాన్ని.

మధ్యాహ్నం ఉప్పు మెరుపుకి
కళ్ళు మూతలుపడే వేళ
తల్లి కాలవకు పోయి పొట్ట తడుపుకొస్తుంది.
ఆ తడి ఈకలతో గుడ్లమీద కూచుంటుంది.
వెచ్చబెట్టడానికి కాదు, చల్లార్చడానికి.
జొరమొచ్చిన తమ్ముడి నుదుటిమీద
మా అమ్మ తడిచెంగు వేసినట్టు.

కృత్తిక కార్తెలో కురవకూడని వాన కురిసింది.
ఒక్క రాత్రే.
తెల్లారేసరికి మడులన్నీ ఒకటే మడి.
రెండు నెలల ఉప్పు నీళ్ళయిపోయింది.
మేస్త్రి బసివిరెడ్డి గట్టుమీద కూలబడి
బీడీ వెలిగించడం మరిచి
అట్నే పట్టుకోనుండాడు.
నేను గూళ్ళు లెక్కబెట్టా.
పద్నాలుగింట్లో పదకొండు లేవు.
ఒక గుడ్డు తేలుతా వచ్చి నా పారకు తగిలింది.
తేలే గుడ్డంటే
లోపల పిల్ల ముదిరిందని.

మిగిలిన మూడింటికీ నేనే కాపలా అనుకున్నా.
పొద్దున ఒకమాటు, పొద్దుగూకే ముందు ఒకమాటు.
నీళ్ళు రాకుండా చుట్టూ బురదకట్ట పోశా.
నాలుగో రోజు ఆ బురదలో నా అడుగులు,
నా అడుగుల్లోనే నక్క అడుగులు.
ఒక్కటీ తప్పలేదు.
నేను ఎక్కడ వంగానో అదీ అక్కడే ఆగింది.
పెంకులు కూడా మిగల్లేదు.
నేను పోని గూడు ఒక్కటే,
తుమ్మకంప అవతలిది,
దాంట్లో మూడు పిల్లలు లేచాయి.

ఉత్తర కార్తెకి ఉల్లంకులు దిగాయి.
మంచు దేశం నుంచి, పిడికిట్లో పట్టేంత పిట్టలు.
కాళ్ళకు రింగులేసే జులేఖా మేడం వల పట్టుకోమంటే
కూలి మానుకుని పోయా.
ముందు పెద్దవి వస్తాయంది.
పిల్లల్ని అక్కడే వదిలేసి.
పిల్లలు నెల తర్వాత వాటంతటవే వస్తాయి,
దారి చెప్పేవాళ్ళు లేకుండా,
ఈ కొటార్ల దాకా.
స్వాతి కార్తెదాకా చూశాం.
వందకి నాలుగు పిల్లలు.
పోయినేడు ముప్ఫై.

ఏమయ్యాయి మేడం అంటే,
అక్కడ గడ్డకింద ఎలుకలుంటాయంది.
ఎలుకలు మస్తుగా ఉన్న ఏడు
నక్క గుడ్లజోలికి రాదు.
ఎలుకలు లేని ఏడు
నక్కకీ పిల్లలుంటాయి కదా.
దానికి తోడు ఈసారి
గుడ్లు పగిలే వారంలో మంచు పడిందట.
చీకటే పడని ఊరంట అది.
దాక్కోడానికి రాత్రి కూడా లేదు పాపం.

నా అరచేతిలో ఒక పిల్లపిట్ట.
వీపుమీద చేపపొలుసు లాంటి గీతలు.
గుండె వేలికి తగులుతా ఉంది.
నాలుగింట్లో ఇదొకటి.
ఏ తుమ్మకంప అవతల పుట్టిందో,
ఎవరు అటు పోలేదో.

ఈ ఏడు మళ్ళీ మూడో మడి మీద కూత.
నేను నాలుగో మడి చుట్టూ తిరిగి
పనికి పోతా ఉన్నా.
దూరం ఎక్కువ.
ఆలస్యమైందని మేస్త్రి అరగంట కూలి కోశాడు.
ఎన్ని గూళ్ళు పోలేరీ, ఎన్ని గుడ్లు,
అని మేడం ఫోను చేసింది.

తెలీదు మేడం, అన్నా.
చూళ్ళేదు.