నీలం పట్టా

పాత లారీ ఇంజను విప్పి పడవకి బిగించడం నా పని.
నక్కలదిబ్బపాలెంలో, గౌతమి నోటి దగ్గర,
కాట్రేనికోన నుంచి వచ్చే రోడ్డు ఇసకలో ఇంకిపోయే చోట
నాదొక రేకుల షెడ్డు.
ఏజెన్సీ కొండల్లో వెదురు మోసిన ఇంజను
ఉప్పునీళ్ళ మీద మొదటి వారం
ఘాటీ కోసం మూలుగుతుంది.
తర్వాత మరిచిపోతుంది.
ఇనుముది చంటిపిల్ల మనసు.

అందుకే నేలపూడి కృపామణి ఫోన్లో ఆ వీడియో పెట్టినప్పుడు
నేను మంటని కాదు, బిగింపుని చూశాను.

ఎక్కడో చలిదేశం. చెట్టనేది లేని మైదానం.
ధాన్యం పాతర మూత తీసినట్టు
నేలలో ఒక ఇనప మూత పక్కకి జరిగింది.
లోపల్నుంచి ఆవిరి తోస్తే
నిప్పు లేకుండానే లేచింది.
వల మీంచి దూకిన కొయ్యింగలా
ఒక్క క్షణం గాలిలో ఆగి,
పడిపోతుందేమో అనిపించి,
అప్పుడు అంటుకుంది.

“ఇది క్షిపణి బాబాయ్.
ముప్పై ఏళ్ళు ఆ పాతర్లోనే పడుకుంది.
ఊళ్ళు కాల్చడానికి చేశారు, కాల్చలేదు.
ఇప్పుడు ముక్కు విప్పి బాంబు తీసి
ఉపగ్రహం పెట్టి పంపారు,
భూమిని చూడ్డానికి.”

కృపామణిది కాకినాడలో కాంట్రాక్టు ఉద్యోగం.
పైనుంచి వచ్చిన బొమ్మలకి రంగులేస్తుంది:
మడ అడవికి ఎరుపు, రొయ్యల చెరువుకి నలుపు,
ఉప్పెక్కిన చేనుకి బూడిద.

నాకొకటే అనుమానం.
బాంబున్నప్పుడు దాని పొట్టలో
ఏ ఊరి పేరు రాశారు?
పేరు కాదట, అంకెలట. అక్షాంశం, రేఖాంశం.
ఆ అంకెల ఊళ్ళో నాలాంటోడొకడు
ముప్పై ఏళ్ళు నట్లు బిగిస్తూ,
జారిన స్పానరుని తిడుతూ,
తన నెత్తి మీద గురి ఉందని తెలియకుండానే
ముసలాడై ఉంటాడు.
ఇప్పుడా గడిలో మా అంకెలు.
రేషను కార్డులో డోరు నెంబరు కాడ
గీత గీసి వదిలేసిన మాకు.

రెండేళ్ళకి మా పాలెం తెరిచి చూపించింది.
ఒక చుక్కంటే ఐదు మీటర్లట.
నా షెడ్డు రెండు చుక్కలు, తుప్పు రంగు.
మొదటి బొమ్మలో షెడ్డుకీ సముద్రానికీ మధ్య
పదకొండు చుక్కలు.
ఈ ఏడు ఏడు.
వేలు పెట్టి లెక్కపెడితే తెర మీద గ్రీజు మరక పడింది,
దాని కింద మా వీధి మొత్తం మునిగింది.
కృపామణి చున్నీ కొసతో తుడిచింది.
ఏమీ అనలేదు.

ఈ దిబ్బ పోరంబోకు. మాకు పట్టాలు లేవు.
మండలాఫీసులో అడిగితే
“అక్కడ ఊరున్నట్టు మా కాయితాల్లో లేదే” అంటారు.
అది పదహారు రోజులకోసారి వస్తుందట,
పొద్దున్న పదిన్నరకి, మా మీదగానే.
సరే. నాకున్న పట్టా ఒకటే,
ఇంజన్ల మీద కప్పే నీలం పట్టా.
ఇరవై అడుగులకి ఇరవై.
ఒక చుక్కకి సరిపోతుంది.

పదహారో రోజు తొమ్మిదింటికే ఇసక మీద పరిచాను,
మూలకొకటి నాలుగు పాత పిస్టన్లు బరువు పెట్టి.
ఓలేటి సింహాద్రి వల బాగుచేసుకుంటూ
“ఎండు చేపలేవిరా, ఉత్త పట్టా ఎండబెడుతున్నావ్?” అన్నాడు.
ఫొటోకని ఎలా చెప్పను?
తల దువ్వుకున్నానని కూడా చెప్పలేదు.

పదింటికి తూర్పు నల్లబడింది.
పదిన్నరకి దంచి కొట్టింది.

సాయంత్రం కృపామణి ఫోను:
“మొత్తం తెలుపే బాబాయ్. మబ్బు.
మళ్ళీ పదహారు రోజులాగాలి.”

పట్టా ఎత్తబోతే లేవదు.
నడిమధ్య పల్లంలో రెండు బిందెల వాననీళ్ళు
వణుకుతున్నాయి.
మా బోర్లన్నీ ఉప్పు తేలి నాలుగేళ్ళు,
రేడియేటర్లో పోయడానిక్కూడా
మంచినీళ్ళు కొనుక్కొస్తాను.
సింహాద్రీ నేనూ చెరో రెండు కొసలూ పట్టి
మెల్లగా ఒంచాం.
లేలాండు ఇంజను గటగటా తాగింది.
ఇంకా ఒక డబ్బా మిగిలింది.