పక్కా రంగు

మైనంల బిగిసిన ముక్కను
మూడు మైక్రాన్ల మందాన కోస్తున్న.
ఉల్లిపొర దీని ముందట దుప్పటి.
గోరువెచ్చని నీళ్ల మీద తేలుతున్నది
అడెపు ఓదెలు మూత్రాశయం,
శనగబద్దంత.

హన్మకొండ చౌరస్తా ఎనుక
మందుల దుకాణం మీద మూడో అంతస్తు.
ఫ్రిజ్‌ల సీసాలు పండుకొని ఉంటయి:
ఒకదాని మీద పి యాభై మూడు,
ఒకదాని మీద కే ఐ అరవై ఏడు.
కరెంటు పోయిందంటే నా గుండె జారుతది.
ఒక్కో సుక్క
నాలుగు దినాల మగ్గం కూలి.

మొన్న వచ్చిండు ఓదెలు.
రిపోర్టు అడగలే, రంగు అడిగిండు.
"నా దానికి ఏ రంగేస్తరు బిడ్డా?"
"గోధుమ రంగు, పెద్దనాయనా."
"ఉడుకబెడ్తరా?"
"కుక్కర్ల."
"ఉప్పు?"
"నిమ్మ ఉప్పు ఏస్తం."
తోటి పనోణ్ని చూసినట్టు చూసిండు నన్ను.
"ఉప్పు లేంది రంగు పట్టది."

కొత్తవాడల నలభై ఏండ్లు
షత్రంజీల నూలు ముంచిండు.
ఎర్ర తొట్టి, పచ్చ తొట్టి, నల్ల తొట్టి,
మోచేతుల దాక.
పెండ్లికి పోయినా గోర్ల సందున నీలం.
తోలు తాగిన రంగు, బుక్కల కలిసిన రంగు
ఎన్నేండ్లు దాగున్నదో లోపట,
ఒకనాడు పొద్దుగాల
నొప్పి లేకుంట, సప్పుడు లేకుంట
ఎర్రగ బయటికొచ్చింది.
"తొట్టి ఒలికిందనుకున్న" అని నవ్విండు.
నేను నవ్వలేదు.

ఆఖరి సుక్క ఏసేటప్పుడు
రెండు జతల గ్లౌజులు తొడుక్కుంట, మాస్కు కట్టుకుంట.
ఆ సీసా పేరు పొడుగు.
కూడబలుక్కొని చదివితే
తోకల బెంజిడిన్ అని ఉంటది.
ఓదెలు నల్ల తొట్టికి దాయాది.
అదే ఇంటిపేరు.
ఆయన ఉత్త చేతులతోని కలిపినదాని పాలోణ్ని
పిపెట్ కొనకు పట్టుకొని
నేను ఆయన మాంసాన్ని అడుగుతున్న,
ఇంకెన్నేండ్లని.

డాక్టర్ నుస్రత్ కన్ను ఆనిస్తది.
తస్బీ తిప్పినట్టు కణాలు లెక్కపెడ్తది.
గోధుమ, నీలం, గోధుమ, గోధుమ.
కాపలా మరిచిన పి యాభై మూడే
గింజ నిండ పేరుకుంటదట,
అందుకే అంత చిక్కగ కనవడ్తదట.
"అరవై రెండు" అంటది.
రాస్త.

ఈ అంకెకు ఏం తెలుసు?
ఏ దేశాలల్లనో కొన్ని వందల మందిల
ఐదేండ్లకు ఎందరు మిగిలిన్రో తెలుసు.
మళ్ల గడ్డ మొలిచింది ఎందరికో తెలుసు.
ఆ వందలల్ల రంగు తొట్టి కాడ నిలవడ్డోడు
ఒక్కడన్న ఉన్నడో లేడో
దానికి తెలవదు.
నూరు పోగులల్ల ఏ పోగు తెగుతదో
పడుగు చెప్పదు.

ఇయ్యాల మళ్ల వచ్చిండు.
రిపోర్టు మూలకున్న ఫోటోను
కిటికి కాడికి పట్టి, దూరం బెట్టి, దగ్గర బెట్టి,
రంగు చూసేటోళ్లు చూసినట్టు చూసిండు.
"మంచిగ పట్టింది బిడ్డా,
ఏడ సుక్క ఇడవలే."
ఒక్క గడియ నాకు సంబురమైంది.
తర్వాత గ్లౌజులు తీసి
చేతులు కడుక్కున్న, చాలసేపు.

"పక్కానా, కచ్చానా? ఏమంటది డాక్టరమ్మ?"
నేను నోరు తెరిచేలోపల్నే తానే చెయ్యి అడ్డం పెట్టిండు.
"వద్దు తియ్యి.
తడి నూలును తెల్లబట్టల సుట్టి
రాత్రంత ఉంచాలె.
తెల్లారక ముందే చెప్పేటోడు రంగులోడు గాదు."
మూడు నెలలకోపారి లోపలికి గొట్టమేసి చూస్తరు.
ఆయన తెల్లబట్ట అదే.

మెట్లు దిగబోయి ఆగిండు.
"మిగిలిన రంగునీళ్లు ఏడ పారబోస్తరు?"
"డబ్బాల పోసి, మూత బిగిచ్చి, పేరు రాసి పెడ్తం.
బండొచ్చి కొంచవోతది."
"అట్లనా.
మేం మోరిల పోసినం."

ఆ మోరి మా ఇంటి ముందట్నుంచే పోయేది.
సోమారం ఎర్రగ, బేస్తారం పచ్చగ.
అండ్ల మేం కాయితం పడవలు ఇడిచినం.