శుక్రవారం కాటా

దస్తగిరీ,
పోయిన శుక్రవారం అరవై, ఈ శుక్రవారమూ అరవై,
ఎదుగూ బొదుగూ లేదని
స్కోరు కార్డు మడిచి జేబులో తోసుకున్నావు.
అహ్మదీ నుంచి గదికొచ్చేదాకా బస్సులో నోరు విప్పలేదు.

ఇప్పుడు రాత్రి పదకొండు.
నువ్వు పైబెర్తులో గోడవైపు తిరిగి పడుకున్నావు.
నేను కింద క్యాలిక్యులేటరు నొక్కుతున్నాను.
నిద్ర నటించినా సరే, విను.

పార్కులో పద్దెనిమిది గొలుసుల బుట్టలు.
పోయిన వారం నీలగిరి చెట్టు ఆకు కూడా కదల్లేదు.
ఈ వారం దుమ్ముగాలి, ఇక్కడివాళ్ళు తోజ్ అంటారే, అది.
పదకొండో బుట్ట ఎక్కడుందో
గొలుసుల చప్పుడు విని కనుక్కున్నాం.
ఎడమకి విసిరిన డిస్కు కుడికి పోయింది.
రోడెల్‌ది ఒకటి కంచె దాటింది, ఇంకా దొరకలేదు.

నేను కాటా మనిషిని.
పదమూడేళ్ళుగా మీనా అబ్దుల్లాలో ఇసుక లారీలు తూస్తున్నా.
కాటా నిజం చెబుతోందా అని కాటానే అడిగితే ఏం లాభం?
ముద్ర వేసిన రాళ్ళు తెచ్చి ఎక్కించాలి.
బరువు ముందే తెలిసిన రాళ్ళు.
వాటికి అది ఎంత చూపిస్తే అదీ దాని బుద్ధి.

పార్కుకీ అంతే.
ఆ పూట అది ఎంత మొండిగా ఉందో తనంతట చెప్పదు.
తెలిసిన మనుషులు కావాలి, అయిదుగురికి తగ్గకుండా,
ఎన్నో ఆటలాడి అంకె కుదిరినవాళ్ళు.
రోడెల్ తొమ్మిది వందల అరవై.
లెక్కల టీచరు ఫౌజియా, తొమ్మిది నలభై అయిదు.
నర్సు లిజీ ముప్పై, ఆ స్కాట్లండు ముసలాయన పది.
చివర నేను, పెంచలయ్య, ఎనిమిది వందల ఎనభై.
నవ్వకు. సగటు తొమ్మిది వందల పాతిక.

ఈ అయిదుగురం పోయిన వారం
సగటున యాభై ఏడు విసుర్లలో ముగించాం.
ఈ వారం అరవై రెండు పట్టాయి.
వారంలో మనుషులు చెడిపోరు కదా, చెడింది గాలి.
విసురుకి పదేసి పాయింట్లు వేసుకో.
పోయిన వారం నీ అరవై ఎనిమిది వందల తొంభై అయిదు.
ఈ వారం నీ అరవై, అదే అరవై,
తొమ్మిది వందల నలభై అయిదు.
ఆ దుమ్ములో ఫౌజియా టీచరు పక్కన నిలబడ్డావురా,
నీకే కనబడలేదు.

నీ కడుపులో ఉన్నది ఎనభై ఒకటని నాకు తెలుసు.
పద్నాలుగు గంటలు బండి నడిపి
కళ్ళు మంటలతో నేరుగా పార్కుకొచ్చిన రోజు.
లెక్క కడితే ఆరు వందల ఎనభై అయిదు.
మామూలు నువ్వుకి నూరు పాయింట్లకు మించి కిందుంటే
ఆ రోజుని కొట్టేస్తారు, అది నువ్వు కాదని.
మరీ బాగా ఆడిన రోజుని మాత్రం కొట్టెయ్యరు.
ఇట్లాంటి లెక్క ఇంకెక్కడా చూడలేదు నేను.

మా కంపెనీలో ఏడాదికోసారి ఒక కాగితం నింపుతారు.
ఏ రోజు ఏ గాలి వీచిందో రాయడానికి అందులో గడి లేదు.
జ్వరంలో ఒక్క లారీ బరువు తప్పు రాశాను.
మూడేళ్ళయింది. నా కాగితంలో ఆ లారీ
ఇంకా నిలబడే ఉంది, ఇంజను ఆపకుండా.

ఈ ఆటలో ఏడాది నిండినవి రాలిపోతాయి.
మొన్న మొన్నటివి, ఒక పావు వంతు, రెండేసిసార్లు లెక్క.

ఇంకో మాట.
నెలాఖరుకి రోడెల్ వీసా రద్దు చేసుకుని సెబూ పోతున్నాడు.
ఇక నలుగురమే మిగులుతాం, అందులో ఒకటి నా మోకాలు.
నలుగురితో తూకం చెల్లదు.
నీవి ఆరు ఆటలయ్యాయి. ఇంకో రెండయితే
నువ్వూ ఒక రాయివి.
ఎవడో కొత్తవాడు వస్తాడు,
వాడి అరవై ఎంతో చెప్పడానికి నువ్వు కావాలి.

వచ్చే శుక్రవారానికి నాలుగున్నరకి అలారం పెట్టాను.
నీ బూట్లు తలుపు దగ్గరే ఉన్నాయి.
దులపలేదు.
అది యాభై పాయింట్ల దుమ్ము.