పదిహేడు వందల చుట్లు

కంచరపాలెం మెట్టు దిగువన మా కొట్టు.
ఫ్యాన్లు, మిక్సీలు, నీళ్ల మోటార్లు,
కాలిపోయింది ఏదైనా సరే
రాగి ఊడదీసి, రాగి చుట్టి ఇస్తాం.
మా అయ్య నేర్పిన సూత్రం ఒక్కటే:
"సుట్టు తగ్గిందా, సరుకు మాడిందే."

క్లెమెంటు గారు ఆటో దిగారు.
వెనక సీటు నిండా ఓ పెట్టె.
కేకే లైన్లో ఇరవై ఎనిమిదేళ్లు
ఇనపరాయి బళ్లు ఘాటీ దించిన డ్రైవరు.
చెయ్యింకా బ్రేకు మీదే ఉన్నట్టు
పెట్టెను మెల్లగా దించారు.

విప్పితే నాలుగు కాళ్ల బల్ల,
పైన పది తీగలు,
కింద పెడళ్లు, మోకాళ్లకు తగిలే మీటలు.
"కుట్టుమిషనేటండీ?"
"మా ఆవిడా అదే అంది" అన్నారు.
హార్బర్లో ఓడ దిగిన వంటవాడెవడో
పేకాట అప్పు కింద వదిలేసి పోయిన గిటారట.

ఉప్పుగాలికి పాత పికప్పు చచ్చిపోతే
ఎక్కడినుంచో కొత్తది తెప్పించి పెట్టారు.
గట్టిగా మోగుతోంది. అంతే.
"కాంప్లెక్సు ముందు బస్సు హారన్లా ఉంది, బంగారమ్మా.
పక్క తీగ ఏమంటోందో వినపడదు."

నా అరచేతిలో పెట్టారు దాన్ని.
లోపల అయస్కాంతాలు, చుట్టూ తీగ.
తీగంటే మా తీగ కాదు.
నా తలవెంట్రుక పక్కన పెడితే
వెంట్రుకే మోకులా ఉంది.

"ఇందులో పదిహేడు వందల చుట్లు తీసెయ్."
"తగ్గిస్తే మాడిపోదా?"
"ఇది ఫ్యాను కాదమ్మా. తిరగదు, వింటుంది.
చుట్లెక్కువైతే
చెవిలో దూది పెట్టుకుని వింటుంది."

ఆ రాత్రి షట్టరు దించేశాను.
సముద్రం వైపు నుంచి ఊదితే తెగే తీగ.
ఫ్యాన్లు బాగుచేసే కొట్లో
ఫ్యాను ఆపుకుని, చెమట కారుతూ,
లెక్కల మీటరు వెనక్కి తిప్పుతూ కూర్చున్నాను.
నాలుగు వందల దగ్గర తుమ్మొచ్చింది, మింగేశాను.
వెయ్యిన్నూట పన్నెండు దగ్గర
గూడ్సు పోయింది, బల్ల వణికింది,
తీగ తెగింది.
కొస దొరకడానికి గంట.
ఒక భూతద్దం, ఒక సూది, నాలుగు బూతులు.

పొద్దున్నే ఆయన జేబులోంచి
చర్చి కొవ్వొత్తులు తీశారు, సగం కాలినవి.
గిన్నెలో కరిగించి పికప్పును ముంచాం.
లోపలి చుట్లు కదిలితే కీచుమంటుందట,
మైనం పట్టి ఉంచుతుందట.
"ప్రార్థన కొవ్వొత్తులా ఇవి?"
"ప్రార్థన అయిపోయాక మిగిలినవి."

బిగించేటప్పుడు ఇంకో తగువు.
నేను తీగలకు బాగా అందేట్టు పైకి పెట్టాను.
ఆయన మరలు వదులుచేసి కిందికి దించారు.
అయస్కాంతం మరీ దగ్గరకొస్తే
తీగను ఊగనివ్వదట.
మధ్యలో రెండు రూపాయి బిళ్లలు పట్టేంత సందు.

ట్యూబులైటు గొంతు అందులోకి దూరి
జుయ్యిమంటోంది. ఆపేశాను.
మసక చీకట్లో
ఆయన ఎడమచేతి కడ్డీ జరిగింది,
పాదం నొక్కింది, మోకాలు పక్కకు వాలింది.

ఒక స్వరం లేచి నడిచింది.
పక్కది ఉన్నచోటే ఉంది.
రెండూ వినపడ్డాయి.

శిమిలిగుడ దిగువన
ఇంజను సొరంగం దాటి ఎండలోకొచ్చాక
వెనక వ్యాగన్లింకా చీకట్లోనే ఉంటాయని,
అలా ఉందని, ఆయన తర్వాత అన్నారు.
నాకు మాత్రం
కుక్కరు కిందకు దించాక
అంతవరకూ లేని గోడగడియారం
ఇంట్లో వినపడటం గుర్తొచ్చింది.

టీకొట్టు పైడయ్య తల దూర్చాడు:
"ఎవులో ఏడుస్తన్నట్టుంది, ఎవులే?"

బిల్లు పుస్తకంలో ఏం రాయాలో తెలీక
"టేబుల్ ఫ్యాను కాయిలు, ఒకటి" అని రాశాను.
ఊడదీసిన రాగిని త్రాసులో వేశాను.
ముల్లు కదల్లేదు.
పారెయ్యనూ లేదు.

సాయంత్రం మర్రిపాలెం నుంచి ఓ మిక్సీ వచ్చింది.
ఒక్క చుట్టూ తగ్గకుండా
అయ్య చెప్పినట్టే చుట్టాను.